గొట్టం వెంబడి ఆళ్లగడ్డ దాకా

పొంగుతున్న చాంబర్ పక్కనుంచే లారీని ముందుకు పోనిచ్చి, పల్లానికి ఉన్న మరో చాంబర్ దగ్గర ఆపాడు డ్రైవర్. అక్కడ మూత చుట్టూ నేల పొడిగా ఉంది. నంద్యాల పద్మావతినగర్‌లో ఒక అపార్ట్‌మెంటు వెనక సందు అది. పొద్దున ఏడు దాటింది. మొదటి అంతస్తు బాల్కనీలో బ్రష్షు నోట్లో పెట్టుకుని చూస్తున్న పెద్దమనిషికి ఇది నచ్చలేదు.

"పొంగేది ఆడ గదప్పా, ఈడ నిలబెట్టినావేంది?"

డ్రైవర్ తలెత్తకుండానే జవాబిచ్చాడు. "కింద నించి పైకి కొట్టాల సార్. పైనించి కొడితే ఇంకా బిగుసుకుంటాది."

అని హెల్పర్ చేత మూత ఎత్తించాడు. పాత దుర్వాసన ఒక్కసారిగా సందంతా పరుచుకుంది. బాల్కనీ పెద్దమనిషి లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

జెట్టింగ్ మిషన్ అనగానే నీళ్లను ముందుకు చిమ్మి అడ్డాన్ని బద్దలుకొట్టే యంత్రం అనుకుంటాం. గొట్టం చివరి నాజిల్‌ను చూస్తే సంగతి వేరు. ముందు వైపు ఉండేది ఒక్క రంధ్రం, కొన్నిటికి అదీ ఉండదు. మిగతావన్నీ వెనక్కి, ఏటవాలుగా తిరిగి ఉంటాయి. నీళ్లు వెనక్కి ఎగజిమ్మే కొద్దీ నాజిల్ ముందుకు దూసుకుపోతుంది, తన వెనక గొట్టాన్ని తానే లాక్కుపోతుంది. రాకెట్‌ను పైకి లేపే సూత్రమే ఇక్కడ మురుగు పైపులో పనిచేస్తుంది. అడ్డం దాటాక రీలు తిప్పి గొట్టాన్ని మెల్లగా వెనక్కి లాగుతారు. శుభ్రం జరిగేది ఎక్కువగా అప్పుడే. వెనక్కి కొట్టే ధారలు పైపు గోడల్ని గీకుతూ మడ్డినంతా వాలుకు తోసుకొచ్చి, పొడిగా ఉన్న చాంబర్‌లో పడేస్తాయి. అక్కడ దాన్ని ఎత్తేయొచ్చు. పైనుంచి మొదలుపెడితే నిండిన చాంబర్‌లో పైపు నోరే కనబడదు. పైగా లాగిన మడ్డి ఎత్తుకు ఎక్కాలి.

హెల్పర్ ఆ నాజిల్‌ను నా చేతిలో పెట్టాడు. పెద్ద నిమ్మకాయంత స్టీలు ముద్ద, బరువు మాత్రం అంతకు ఎన్నో రెట్లు. వెనక వరసలో రంధ్రాలు బియ్యపు గింజ దూరేంత ఉన్నాయి. ఒకటి మాత్రం అరిగి పెద్దదై అంచు వంకరపోయింది. "ఇసక నీళ్లు పట్టినప్పుడల్లా ఇట్లనే సార్. అది అరిగితే నాజిల్ ఒక పక్కకే గుంజుతాది, పైపుకు రాసుకుంటా పోతాది." నాజిల్ వెనక అడుగు పైన పొడవున్న ఇనుప గొట్టం బిగించి ఉంది. అది దేనికో అడిగితే, పైపు వెడల్పు కంటే ఆ ఇనుప ముక్క పొడుగుండాలని చెప్పాడు. లేకపోతే నాజిల్ లోపలే తిరగబడి, వచ్చిన దారినే, పట్టుకున్నవాడి మొహానికే వచ్చేస్తుంది. నాజిల్‌కు కొంచెం ఇవతల గొట్టానికి ఎర్ర టేపు చుట్టారు. వెనక్కి లాగేటప్పుడు ఆ ఎరుపు చాంబర్‌లో కనబడగానే డ్రైవర్ ప్రెషర్ కట్టేయాలి. ఆ ధార గాలిలోకి వస్తే చర్మాన్ని కోసుకుని లోపలికి పోగలదు. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడుతుంది. లోపల కండరంలోకి మురుగు నీళ్లు ఎక్కి ఉంటాయి. చిన్న గీతే కదా అని కట్టు కట్టి పంపేస్తే చెయ్యి పోయే ప్రమాదం ఉందన్నది ఈ పనిచేసేవాళ్లకు నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి.

గేజి ముల్లు 150 దగ్గర ఆగింది. వీళ్లు దాన్ని "నూటయాభై కేజీలు" అంటారు. చదరపు సెంటీమీటరు జాగా మీద అన్ని కిలోల ఒత్తిడి అని. మిద్దె మీది ట్యాంకు నుంచి పది మీటర్లు దిగిన నీటికి ఆ లెక్కన ఒక్క కిలో ఉంటుంది. అంటే ట్యాంకుతోనే ఈ ఒత్తిడి తేవాలంటే దాన్ని కిలోమీటరున్నర ఎత్తున కట్టాలి. తూర్పున కనబడే నల్లమలలో అంత ఎత్తు కొండే లేదు. లారీ ఇంజన్ శక్తినే పీటీవో అనే గేరు అమరిక ద్వారా పంపుకు మళ్లిస్తారు. అందుకే బండి కదలకుండా నిలబడి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు గర్జిస్తుంది.

నాజిల్ ఇరవై మీటర్లు పోయి ఉంటుంది. కింది అంతస్తులోంచి ఒక కేక వినబడింది. ఆ వెంటే ఒకామె చీపురుతో బయటికొచ్చింది.

"ఏందప్పా ఇది! బాత్రూమంతా గలీజు చేసి పెడితిరి! ఉన్న నీళ్లు పోగొట్టమంటే లేని నీళ్లు ఇంట్లోకి తెస్తిరి గదా!"

పైపులో ధార తోసిన గాలి ఎటో ఒకపక్కకు పోవాలి. దగ్గర్లో ఏ ఇంటి మరుగుదొడ్డి తొట్టో, స్నానాల గది జాలీనో దొరికితే అక్కడి నీళ్లను బుస్సున పైకి చిమ్ముతుంది. ముందే ప్రతి ఇంటికీ చెప్పి, తొట్టి మూతలు వేయించి, జాలీల మీద తడిగుడ్డ పరిపించాలి. వాచ్‌మన్‌కు చెప్పారట. వాచ్‌మన్ పై అంతస్తులకు చెప్పాడట. ఎవరికి చెప్పాలో అక్కడికే మాట చేరలేదు. డ్రైవర్ ఇంజన్ ఆపి, "తప్పైపోయిందక్కా, మా పిల్లోడు వచ్చి కడుగుతాడు" అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "మీరు కడిగేది చూసినాంలే" అని తనే కడుక్కుంది, కడుగుతున్నంతసేపూ తిడుతూనే.

గొట్టం వెనక్కి వస్తున్నప్పుడు చాంబర్‌లో పడిన సామాను ఆ భవనం దినచర్యను విప్పి చెప్పింది. వక్కపొడి పొట్లాలు, చిన్నపిల్లల డైపర్లు, టైల్స్ వేసినప్పుడు బకెట్టు కడిగి పారబోసిన సిమెంటు గట్టిపడ్డ పలకలు, తలవెంట్రుకలు అల్లుకున్న పీచు. అన్నిటినీ కలిపి పట్టుకున్న తెల్లటి, మెత్తటి గడ్డలు. నూనె అది. మిరపకాయ బజ్జీలు వేయించి మిగిలిన నూనె సింకులో పోస్తే వేడిగా ఉన్నంతసేపూ ద్రవమే, పైపు చల్లదనానికి గోడకు అంటుకుంటుంది. పొర మీద పొర పేరి, ఆఖరికి రాయవుతుంది. లండన్ వైట్‌చాపెల్ వీధి కింద 2017లో ఇట్లాంటిదే 130 టన్నుల గడ్డ దొరికింది, 250 మీటర్ల పొడవు. దాన్ని పగలగొట్టడానికి వాళ్లూ పారలతో పాటు అధిక ఒత్తిడి నీళ్ల గొట్టాలే వాడారు. అందులోంచి ఒక ముక్కను ఎండబెట్టి మరుసటి ఏడాది లండన్ మ్యూజియంలో పెడితే జనం వచ్చి మరీ చూశారు. నంద్యాల గడ్డను హెల్పర్ బొచ్చెలో ఎత్తి గోతంలో వేశాడు. మ్యూజియం లేదు కాబట్టి డంపింగ్ యార్డుకు పోతుంది.

తర్వాత ఉగ్గాని తిన్నాం. ఈ నేలమీద ఉగ్గాని బజ్జీ లేకుండా పొద్దు పొడవదు. తడిపి పిండిన బొరుగులు, పుట్నాల పొడి, పక్కన రెండు నిలువు మిరపకాయ బజ్జీలు. హోటల్ వెనక బాణలి దించి కాలువ పక్కన బోర్లించే దృశ్యం నా వైపునుంచి బాగా కనబడుతోంది. డ్రైవర్ కూడా చూశాడు. "మన బువ్వ సార్ అది" అన్నాడు, బజ్జీ కొరుకుతూ.

లారీ క్యాబిన్‌లో ముగ్గురం. ఆళ్లగడ్డలో ఒక కల్యాణ మండపం వాళ్లు మధ్యాహ్నానికి రమ్మన్నారు. నూనెపల్లె మీదుగా బయటపడుతుంటే చాలా వీధుల్లో కనబడేవి పైపులు కావు, పక్క కాలువలు. వాటి మీద నాపరాయి బండలు. 2011 జనాభా లెక్కల నాటికే రెండు లక్షల మంది ఉన్న ఊరు ఇది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. ఆ తర్వాత ఆఫీసులూ అపార్ట్‌మెంట్లూ పెరిగాయి. వాటి మురుగు మాత్రం పాత వాలు వెతుక్కుంటూ చామ కాలువకూ, మద్దిలేటికీ, చివరికి కుందూకూ చేరాల్సిందే.

కుందూ నిండినప్పుడు ఈ ఊరి సంగతి వేరుగా ఉంటుంది. 2019 సెప్టెంబరులో కురిసిన వానకు మహానంది ఆలయంలోకే నీళ్లు వచ్చాయి, నంద్యాల పల్లపు కాలనీలు మునిగాయి. అట్లాంటప్పుడు కాలువలు పూడాయని అందరూ తిడతారు. పూడిక ఒక కారణమే, కాదనను. అయితే వాగు మట్టం కాలువ మూతి కంటే పైకి లేచాక ఎంత శుభ్రమైన కాలువైనా వెనక్కే తంతుంది. అప్పుడు జెట్టింగ్ లారీని తెచ్చి నిలబెడితే ఫొటోకు పనికొస్తుంది, అంతే. ఈ బండి పని వానకు ముందు, ఏప్రిల్, మే నెలల్లో. ఎవరూ ఫోన్ చేయని నెలలు కూడా అవేనని డ్రైవర్ అన్నాడు.

హైవే ఎక్కాం. ఎడమన నల్లమల వెంటే వస్తోంది. రెండు పక్కలా నల్లరేగడి. అయ్యలూరు మెట్ట దాటాక ట్రాఫిక్ పలచబడి, డ్రైవర్‌కు మాట్లాడే తీరిక దొరికింది. లారీ తనది కాదు, యజమాని కర్నూలులో ఉంటాడు. అంతకు ముందు సెప్టిక్ ట్యాంకుల ట్రాక్టర్ తోలేవాడట. ఏ ఊరి గోడ మీద చూసినా కనబడే ఫోన్ నంబర్ల వ్యాపారం అది. దానికీ ముందు, పదిహేనేళ్ల వయసులో, మేస్త్రీతో వెదురు బద్దలు పట్టుకుని తిరిగాడు.

వెదురు బద్ద అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. వెదురును నిలువుగా చీల్చి, ముక్కకు ముక్క తీగతో కట్టి, పైపులోకి దూర్చి ఇద్దరు మనుషులు ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. అడ్డం మెత్తగా ఉంటే తెగుతుంది. గట్టిగా ఉంటే ఒకడు దిగాలి. దిగేవాడు ఎవడన్నది ఎవరూ అడిగేవాళ్లు కాదు, ఆ ఇళ్లూ ఆ పేటలూ అందరికీ తెలుసు. హెల్పర్ అప్పటిదాకా కిటికీలోంచి చూస్తున్నాడు. "మా నాయన దిగేటోడు" అన్నాడు. "దిగే ముందర ఇంత సారాయి తాగేటోడు. తాగకుంటే దిగలేం అనేటోడు." ఇప్పుడు ఎలా ఉన్నాడని అడిగాను. బతికే ఉన్నాడు, దగ్గు పోలేదు.

మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుందని అందరికీ తెలుసు. అది పలచగా ఉన్నప్పటి మాట. చిక్కబడే కొద్దీ ముక్కును మొద్దుబారుస్తుంది, వాసన తెలియకుండా పోతుంది. మూత తీసి వాసన చూసి, ఏమీ లేదులే అని దిగినవాడికి ఆ "ఏమీ లేదు" అన్నదే ప్రమాదం. మొదటివాడు కూలబడగానే వాణ్ణి లాగడానికి రెండోవాడు దిగుతాడు, తర్వాత మూడోవాడు. ఈ చావుల వార్తల్లో సంఖ్య ఒకటి దగ్గర ఆగనిది అందుకే. మేం పోతున్న ఈ రోడ్డే మైదుకూరు, కడప, రాయచోటి మీదుగా చిత్తూరుకు పోతుంది. అక్కణ్ణుంచి ఇంకొంచెం పోతే పలమనేరు. ఆ దగ్గరి మొరం గ్రామంలో 2018 ఫిబ్రవరిలో ఒక కోళ్ల హేచరీ మురుగు తొట్టి కడగబోయి ఏడుగురు చనిపోయారు. అంతకు రెండేళ్ల పైచిలుకు కింద, 2015 నవంబరులో, కేరళ కోళిక్కోడ్‌లో మ్యాన్‌హోల్‌లో చిక్కుకున్నవాళ్లు ఇద్దరూ మన ఆంధ్ర నుంచి వలస పోయిన కూలీలే. స్థానిక ఆటో డ్రైవర్ ఒకతను వాళ్లను కాపాడబోయి దిగాడు. ముగ్గురూ పోయారు. ఆ సంఘటన తర్వాత కేరళ ఇంజినీరింగ్ కుర్రాళ్లు కొందరు కూర్చుని మ్యాన్‌హోల్‌లోకి దిగే రోబోను తయారుచేశారు. దాని పేరు బ్యాండికూట్, అంటే పందికొక్కు. 2018లో తిరువనంతపురంలో పనిలోకి దించారు.

చట్టం లేక కాదు. చేతితో మలం ఎత్తించడాన్ని 1993లోనే నిషేధించారు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు పైపులోకీ సెప్టిక్ ట్యాంకులోకీ దింపడం నేరమని 2013 చట్టం చెప్పింది. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న, 1993 నుంచి అలా చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలివ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఆ ఆందోళన్‌ను నడిపిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల కాలనీలో, పారిశుద్ధ్య పనివాళ్ల తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. ఆయనకు తోడు నిలిచిన ఎస్.ఆర్. శంకరన్ మన రాష్ట్రంలో పనిచేసిన ఐఏఎస్ అధికారి. విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. కేసుల సంగతి డ్రైవర్‌కు కొంత తెలుసు. "చట్టం వచ్చినంక మాకు పని పెరిగింది సార్" అన్నాడు. అది ఫిర్యాదో సంతోషమో అతని గొంతులో పోల్చుకోలేకపోయాను.

శిరివెళ్ల మెట్ట దాటి రోడ్డు పక్క ఒక తోట దగ్గర ఆపి నీళ్లు పట్టుకున్నారు. బోరు నీళ్లు, రైతుకు డబ్బులిచ్చి. లారీ ట్యాంకులో పట్టేది నాలుగు వేల లీటర్లు. నిమిషానికి రెండు వందల లీటర్ల చొప్పున కొడితే ఇరవై నిమిషాల్లో ఖాళీ. రాయలసీమలో ఈ లెక్క విని ఊరుకోలేం. ఒక అపార్ట్‌మెంటు పైపు కడగడానికి పోసిన నీళ్లతో ఎండాకాలం ఒక వీధి దాహం తీరుతుంది. పెద్ద నగరాల్లో రీసైక్లర్ బండ్లున్నాయి. అవి మురుగునే పీల్చి, వడకట్టి, ఆ నీళ్లతోనే మళ్లీ కొడతాయి. వాటి ధర కోట్లలో పలుకుతుంది కాబట్టి చిన్న మున్సిపాలిటీలు వాటి వంక చూడవు. నన్నడిగితే వాటి అవసరం హైదరాబాదు కంటే ముందు ఇక్కడే ఉంది. రైతు మాత్రం ఇవేమీ ఆలోచించలేదు. "తాగేదానికి గాదు గదా, ఎంత ఇస్తారు?" అని బేరమాడాడు.

ఆళ్లగడ్డ దగ్గరపడుతున్నదని చెప్పేది బోర్డులు కాదు, రాతి దుమ్ము. రోడ్డు పక్క రేకుల షెడ్లలో శిల్పులు. చెక్కుతున్న ఆంజనేయస్వామి తోక దాకా వచ్చాడు. పక్కన ముక్కు లేని నంది ఎవరికోసమో ఎదురుచూస్తోంది. ఉలి చప్పుడు తక్కువ, గ్రైండర్ రొద ఎక్కువ. ఇక్కడి విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో పోతాయి. అహోబిలం పోయే బస్సుల్లోంచి భక్తులు తలలు బయటపెట్టి చూస్తారు. నేను చూసింది షెడ్డు అంచున కాలువను. గ్రైండర్ కింద పోసిన నీళ్లతో కలిసిన రాతిపొడి పాలలా జారి, కాలువ అడుగున చేరి, ఎండి, అచ్చు పోసిన పలకలా ఉంది. నూనె గడ్డనైనా నీళ్లతో కోయొచ్చు, రాతిపొడి పేరితే మాత్రం గడ్డపారే దిక్కు.

కల్యాణ మండపం పని మొదట బాగానే నడిచింది. వంటశాల నుంచి వీధి కాలువ దాకా ఆరంగుళాల పైపు. ముందు రోజు రాత్రి పెళ్లి జరిగింది. వంటశాల నేల మీద చీలమండ లోతు నీళ్లలో అన్నం మెతుకులు, కరివేపాకు, ఆకు ముక్కలు తేలుతున్నాయి. నాజిల్ ఎదురెక్కింది, ఇంజన్ అరిచింది, పది నిమిషాలకు లోపలి నీళ్లు గిర్రున సుడి తిరిగి దిగిపోయాయి. మేనేజరు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. ఇంకో పది నిమిషాలకు అవే నీళ్లు మళ్లీ పైకొచ్చాయి.

పైపు బాగుంది. పైపు పోయి కలిసే కాలువ నిండి ఉంది. మండపం ముందు వరసగా అయిదు దుకాణాలు. కాలువ మీద నాపరాయి బండలు పరిచారు. బేతంచెర్ల, బనగానపల్లె గనులు ఈ జిల్లావే కాబట్టి ఇక్కడ ఏ పనికైనా బండే చౌక. బండ మీద దుకాణదారు సిమెంటు పోశాడు, దాని మీద బైకు ఎక్కడానికి ర్యాంపు కట్టాడు, ర్యాంపు మీద టైల్స్ అతికించాడు. కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో పైనుంచి తెలియదు. తీసే మూత ఒక్కటీ లేదు. డ్రైవర్ మండపం చివర నుంచి గొట్టం దూర్చి చూశాడు. గుండ్రటి పైపులో నాజిల్‌కు దారి చూపేది చుట్టూ ఉన్న గోడే. రెండడుగుల వెడల్పున్న చదరపు రాతి కాలువలో ఆ దారి లేదు. ధార నాలుగు పక్కలా చెదిరిపోయింది, నాజిల్ పూడికలో ముక్కు దూర్చి ఆగిపోయింది. నూటయాభై కేజీల ఒత్తిడి, లక్షల లారీ, చేతులు కట్టుకుని నిలబడ్డాయి.

యంత్రం కొనడం గురించి మాట్లాడినంతగా యంత్రం పోయే దారి గురించి మాట్లాడం. పైపుల మురుగు వ్యవస్థకు ప్రభుత్వ ఇంజినీరింగ్ నిబంధనల్లో లెక్కలున్నాయి. చిన్న పైపుల మీద ముప్పై మీటర్లకో మ్యాన్‌హోల్ ఉండాలి, మడ్డి అడుగున పేరకుండా నీళ్లు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పోవాలి. జెట్టింగ్ మిషన్ ఆ లెక్కల మీద పుట్టిన బిడ్డ. మన చిన్న ఊళ్ల కాలువలకు ఆ లెక్కే లేదు. ఒక కాంట్రాక్టు కింద కట్టారు, ఇంకో కాంట్రాక్టు కింద కప్పారు, మిగతాది దుకాణదారు పూర్తి చేశాడు. మండపం ముందు టైల్స్ వేయించిన మనిషిని తప్పుపట్టడం సులువు. కాలువ తెరిచి ఉంటే అతని గిరాకీ పిల్లలు అందులో పడతారు, దోమలు లేస్తాయి. మూయడం తప్పు కాదు, పదడుగులకో మూత వదలకపోవడం తప్పు. నాలుగు ఇనుప పిడులున్న బండ పెట్టించడానికి అయ్యే ఖర్చు ఆ టైల్స్ ఖర్చులో పదో వంతు ఉండదు.

మేనేజరు అటూ ఇటూ తిరిగి చివరికి హెల్పర్ వైపు చూశాడు. "నువ్వు కొంచెం లోపలికి వంగి చూడప్పా. ముందరి బండ ఒకటి తీస్తే..."

డ్రైవర్ మధ్యలోనే అందుకున్నాడు. "మావాడు దిగడు సార్. బండి పని బండి చేసింది, అంతే."

"దిగమంటలేనప్పా, వంగమంటున్నా."

"వంగేదే దిగేది సార్."

గంటలో ఇద్దరు మనుషులు వచ్చారు, ఎవరు పిలిచారో తెలియదు. గడ్డపారలు, పారలు, రెండు గంపలు. ఒకరి కాళ్లకు చెప్పులున్నాయి, రెండోవారికి లేవు. మొదటి ర్యాంపు పగలగొట్టబోతే దుకాణదారు అడ్డం పడ్డాడు. టైల్స్ డబ్బులు మండపం వాళ్లిస్తారని చెప్పాక పక్కకు జరిగాడు. బండ లేవగానే ఆ ఇద్దరూ మారు మాట లేకుండా మోకాలి లోతు నల్లటి బురదలో నిలబడి ఎత్తిపోయడం మొదలుపెట్టారు. బండ లేచిన తర్వాత అది తెరిచిన కాలువే, గ్యాసు భయం తక్కువ. అయినా ఆ కాళ్లు చూస్తూ పక్కన నిలబడటం తేలిక కాదు. వాళ్లు పూడిక లాగి ఇస్తే, లారీ ధార దాన్ని కిందికి కడిగింది. అలా బండ తర్వాత బండ సాగింది. ఆధునిక యంత్రానికీ పాత గంపకూ మధ్య ఇట్లాంటి పొత్తు ఏ ప్రభుత్వ కాగితంలోనూ ఉండదు.

ఆ సమయంలో హెల్పర్‌కు నేను హైదరాబాదు సంగతి చెప్పాను. అక్కడి బస్తీల ఇరుకు సందుల్లోకి పెద్ద లారీలు దూరవని, 2017లో నీటి బోర్డు జలమండలి డెబ్బై చిన్న జెట్టింగ్ బండ్లను వీధుల్లోకి తెచ్చింది. వాటిని కొన్నది బోర్డు కాదు. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ ద్వారా వచ్చిన యువకులు బ్యాంకు అప్పుతో కొన్నారు, జలమండలి అద్దెకు పెట్టుకుంది. రెండేళ్లకు ఢిల్లీ ప్రభుత్వం ఆ దారే పట్టి రెండు వందల బండ్లు దించింది. ఇప్పుడు కేంద్రం నమస్తే పథకం కింద, సఫాయి కర్మచారుల ఆర్థిక సంస్థ ద్వారా, ఇట్లాంటి బండ్లకు సబ్సిడీ ఇస్తోంది.

అతను గొట్టం చుడుతూనే విన్నాడు. మొదటి ప్రశ్న సబ్సిడీ గురించి కాదు. "ఆ చిన్న బండికి ప్రెషర్ ఎంత వస్తాది?" లైన్లకు సరిపడా వస్తుందన్నాను. రెండోది: "పని యాడిస్తారు? కొన్నంక ఖాళీగా పెట్టుకోవాల్సి వస్తే?" హైదరాబాదులో జలమండలి అద్దె ఒప్పందం ఉంది కాబట్టే ఆ బండ్లు నిలదొక్కుకున్నాయి. నంద్యాలలో, ఆళ్లగడ్డలో అలాంటి ఒప్పందం లేకపోతే అప్పు వాయిదా కట్టేది ఎవరన్నది న్యాయమైన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

"ఏందిరా, నన్నిడిసి పోతావా?" అన్నాడు డ్రైవర్ క్యాబిన్‌లోంచి, నవ్వుతూ.

"నిన్నే డ్రైవర్‌గా పెట్టుకుంటా భాయ్."

మండపం పక్క సందు చాలా ఇరుకు. మేం వచ్చినప్పుడు లారీ దానిలోకి పోలేక వీధిలోనే నిలబడింది. హెల్పర్ రీలుకు తాళం వేసి, ఆ సందు మొదట్లోకి వెళ్లి, మడమకు బొటనవేలు ఆనిస్తూ గోడ నుంచి గోడకు అడుగులు కొలిచాడు. మళ్లీ ఒకసారి కొలిచాడు.

"అద్దాలు మడిస్తే చిన్న బండి పడుతుంది భాయ్" అని అరిచాడు.

"సరేలే, ఎక్కు. చాగలమర్రి వాళ్లు రెండుసార్లు ఫోన్ చేసినారు. ఆడ ఉండేది పైపా, బండల కాలువా, ముందు అది అడుగు."